దూకడమూ, దూకుడూ

మోటారు సైకిలు మీద మట్టిదిబ్బలు దూకే విద్యను గురించి రాయమని ఈ శీర్షికకు మూడు ఉత్తరాలు వచ్చాయి. రెండు ఉత్తరాలు రాసినవారు కుర్రవాళ్ళు. ఎంత దూరం దూకవచ్చు, ఏ బండి కొనాలి అన్నవి వాళ్ళ ప్రశ్నలు. మూడోది ఒక తల్లి రాశారు. వాళ్ళ అబ్బాయి సెల్‌ఫోనులో బొమ్మలు చూసి, స్నేహితుడి బండి ఎరువు తెచ్చుకుని, చెరువు కట్ట మీదినుంచి దూకుతున్నాడట. మాన్పించే ఉపాయం ఏదైనా వుందా అని ఆవిడ అడుగుతున్నారు.

మాన్పించే ఉపాయం నాకు తెలియదు. తెలిస్తే మా యింట్లోనే ముందు ప్రయోగించి వుండేవాణ్ణి. దూకడం ఎట్లాగన్నది మాత్రం కొంత తెలుసు. ఆ తెలివి పుస్తకాల్లోంచి వచ్చింది కాదు, ఒళ్ళు పులిసిపోయేటట్టు పది రోజులు మట్టిలో పొర్లి తెచ్చుకున్నది.

సంగతేమిటంటే, మా అక్కయ్య కొడుకు రెండేళ్ళ కిందట మా వూరి కాలువ గట్టు దూకి మెడ కింది ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలు చెయ్యి మెడకు వేలాడేసుకుని తిరిగాడు. కట్టు విప్పిన మర్నాడే మళ్ళీ బండి దగ్గరకు పోయి దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటే మా అక్కయ్య చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. నన్ను పిలిచి, "ఒరే తమ్ముడూ, వీణ్ణి ఆపడం నా వల్ల కాదు. వీడు ఎట్లాగూ దూకుతాడు. నువ్వు వెంట వెళ్ళి సరిగ్గా దూకడం నేర్పించుకురా, లేదా జన్మలో దూకనని ఒట్టు వేయించుకురా. రెంట్లో ఏదైనా నాకు సమ్మతమే" అన్నది. ఒట్టు వేయించుకోవడం కన్న మొదటిదే సులభమని నాకు తోచింది.

కోలారు దాపున ఎర్రమట్టి నేలలో ఇటువంటి విద్య నేర్పే మైదానం ఒకటి వుంటే అక్కడికి వెళ్ళాం. అక్కడి మాస్టారికి ఇరవై ఆరేళ్ళు. నాకు యాభైకి రెండు తక్కువ. ఆయన నన్ను "సార్" అంటాడు, నేను ఆయన్ను "మాస్టారూ" అంటాను. చూసేవాళ్ళకు నవ్వుగా వుండేది గాని మా యిద్దరికీ ఏ యిబ్బందీ లేదు. చెట్టు కింద కూర్చుని చూడటానికి అంత దూరం పోవడం దేనికని నేను కూడా పేరు రాయించుకున్నాను.

ముందు బండి సంగతి చెప్పాలి. మన యిళ్ళల్లో వుండే మామూలు బండికి చక్రం పైకీ కిందికీ కదలగలిగే ఆటు నాలుగైదు అంగుళాలు మాత్రమే. దూకడానికే తయారుచేసిన పోటీ బండికి ఆ ఆటు పన్నెండు అంగుళాలు, అంటే సుమారు 300 మిల్లీమీటర్లు. బండి బరువు చూస్తే 105, 110 కిలోలు. 2019లో మన దేశంలో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ వంటి బండ్లు ఈ రెంటికీ నడుమవి. దాని ముందు చక్రానికి 190 మిల్లీమీటర్లు, వెనక దానికి 170 మిల్లీమీటర్లు ఆటు వుంటుంది, బరువు మాత్రం 150 కిలోలు దాటుతుంది. నేర్చుకోవడానికి అది చాలు, పెద్ద దిబ్బలకు చాలదు. మామూలు బండి చిన్నదానికి కూడా పనికిరాదు.

దీని వెనక లెక్క చాలా తేలిక. కింద పడే వస్తువును ఎంత దూరంలో ఆపుతామన్నదాని మీద దెబ్బ ఆధారపడుతుంది. అదే వేగాన్ని పన్నెండు అంగుళాల్లో ఆపితే ఒక దెబ్బ, నాలుగు అంగుళాల్లో ఆపితే దానికి మూడింతల దెబ్బ. మా మేనల్లుడి భుజం ఎముక లెక్కలు చదువుకోకపోయినా ఈ లెక్క దానికి బాగా తెలుసు.

ఈ పన్నెండు అంగుళాలు మొదటినుంచీ వున్నవి కావు. మోటారు సైకిళ్ళతో గుట్టలెక్కి దిగే పందాన్ని ఇంగ్లండులో సర్రే జిల్లా కాంబర్లీ దగ్గర 1924లో మొదలుపెట్టారు. దాన్ని వాళ్ళు స్క్రాంబుల్ అనేవారు. 1947లో హాలండులో వాసెనార్ వద్ద దేశాల మధ్య పోటీ జరిగితే బ్రిటన్ గెలిచింది. 1957 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టారు. 1964లోనూ 1965లోనూ బి.ఎస్.ఏ. బండి మీద జెఫ్ స్మిత్ దాన్ని గెలుచుకున్నాడు. ఆనాటి ఫొటోలు చూడండి, బండ్లు నేలను విడిచేది తక్కువ, విడిచినా మోకాలెత్తు. ఆ షాకబ్జర్లతో అంతకు మించి దూకితే నడుములు మిగలవు. బెల్జియం దేశస్థుడు లూసియన్ టిల్కెన్స్ అనే ఇంజనీరు వెనక చక్రానికి రెండు షాకబ్జర్లు తీసేసి, సీటు కింద పొడుగ్గా ఒకటే అమర్చే పద్ధతి కనిపెట్టాడు. యమహా కంపెనీ దాన్ని తీసుకున్నది. 1973లో ఆ బండి మీద స్వీడన్ వాడు హోకన్ ఆండర్సన్ 250 సి.సి. ప్రపంచ విజేత అయ్యాడు. ఆ తర్వాత అందరూ అదే దారి పట్టారు. దానికి ఒక ఏడాది ముందే, 1972లో, లాస్ ఏంజలిస్ నగరంలోని కొలీజియం స్టేడియంలోకి లారీలతో మట్టి తోలి దిబ్బలు కట్టి పందెం నడిపారు. గెలిచిన మార్టీ ట్రైప్స్‌కు అప్పటికి పదహారేళ్ళు. స్టేడియంలో జనం ముందు ఆడే ఆట గనక దూకడమే దానికి ప్రాణమైపోయింది.

మన దేశంలోనూ ఈ ఆటకు పెద్దవాళ్ళున్నారు. బెంగుళూరు వాడు సి.ఎస్. సంతోష్ ఈ మట్టి పందాల్లోనే జాతీయ విజేతగా పేరు తెచ్చుకుని, 2015లో డకార్ ర్యాలీకి వెళ్ళిన మొట్టమొదటి భారతీయుడయ్యాడు. ముప్ఫయ్యారో స్థానంలో ముగించాడు. అటువంటివాడు కూడా 2021 జనవరిలో సౌదీ అరేబియాలో జరిగిన డకార్‌లో పడిపోయి తలకు గట్టి దెబ్బ తగిలి ఆస్పత్రి పాలయ్యాడు. ఈ మాట భయపెట్టడానికి చెప్పడం లేదు. శిరస్త్రాణం, కళ్ళద్దాలు, మెడపట్టీ, ఛాతీకి కవచం, మోకాలి చిప్పలు, పిక్కల దాకా బూట్లు, ఇవన్నీ వేసుకోనివాణ్ణి మా మాస్టారు మైదానంలో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. అంత సామగ్రీ తొడుక్కునేసరికి నాకు తోలుబొమ్మలాటలో రావణాసురుడి వేషం జ్ఞాపకం వచ్చేది.

మొదటి రెండు రోజులు దిబ్బల వైపు చూడనివ్వలేదు. చదునైన నేల మీద, ఫుట్‌రెస్టుల మీద నిలబడి, బండిని గుండ్రంగా తిప్పడమే పని. మా మేనల్లుడికి మహా అవమానంగా వుంది. "నేను కాలువ దూకినవాణ్ణి మామయ్యా, నన్ను పట్టుకుని బడి పిల్లాడిలా నిలబెడుతున్నాడు" అని గొణిగాడు. మాస్టారి చెవిని పడింది. ఆయన నవ్వి, "దూకినావు సరే, నిలబడి దూకినావా, కూర్చుని దూకినావా?" అని అడిగాడు. మావాడు జవాబు చెప్పలేదు.

అసలు కీలకం అక్కడే వుంది. కూర్చుని దిబ్బ ఎక్కేవాడికి వెనక చక్రం తన్నే తన్ను సీటు ద్వారా తిన్నగా వెన్నుపూసకు తగులుతుంది, మనిషి తల ముందుకూ కాళ్ళు పైకీ పోతాయి. పోటీల్లో ఆరితేరినవాళ్ళు కావాలనే కూర్చుని ఎగిరే ఉపాయం ఒకటి వుంది, అది వేరే సంగతి, మొదటి పదేళ్ళూ దాని జోలికి పోనక్కరలేదు. నిలబడినవాడికి మోకాళ్ళూ మడమలూ కూడా షాకబ్జర్లే. పన్నెండు అంగుళాలకు ఇంకో అడుగు కలిసినట్టు. పాదం ముందుభాగం ఫుట్‌రెస్టు మీద ఆనాలి. మోకాళ్ళతో టాంకునూ, పిక్కలతో బండి పక్కలనూ గట్టిగా అదిమి పట్టాలి. మోచేతులు పైకెత్తి, హ్యాండిలును మాత్రం పిట్టను పట్టుకున్నంత మెత్తగా పట్టుకోవాలి. తల హ్యాండిలు మీదికి రావాలి. బండిని పట్టుకునే పని కాళ్ళది. చేతులతో పట్టుకుంటే, బండి ఎగిరినప్పుడు మనిషి వెనక్కు వాలడం, వాలుతూ రేజు గుంజెయ్యడం, బండి వాణ్ణి వదిలి ముందుకు పోవడం, అన్నీ ఒక్క లిప్తలో జరిగిపోతాయి. రెండో రోజు సాయంత్రం ఆ బృందంలో ఒక కుర్రవాడికి సరిగ్గా అదే అయింది, చదునైన నేల మీదే గనక బతికిపోయాడు.

మూడోనాటి నుంచి దిబ్బలు. నేర్చుకునేవాళ్ళకు ముందు బల్లలాంటి దిబ్బ ఇస్తారు. ఇటు ఎక్కే వాలు, పైన చదును, అటు దిగే వాలు. దూకి అందుకోలేకపోయినా చదును మీద పడతాడు గనక ప్రాణానికి ముప్పు లేదు. దాని తర్వాత జంట దిబ్బలు. ఆ రెంటి మధ్య గొయ్యి. అందుకోలేనివాడు అవతలి దిబ్బ మొహానికి కొట్టుకుంటాడు. కాలువ గట్లూ చెరువు కట్టలూ ఈ రెంటికన్నా అన్యాయం, వాటికి దిగే వాలు మన కోసం ఎవరూ చెక్కి పెట్టలేదు.

ఏ దిబ్బనైనా ముందు మెల్లగా ఎక్కి దిగి చూడాలి. ఎక్కే వాలులో చక్రాల గాడి పడిందా, చివర్లో రాయి వుందా, దిగే వైపు మట్టి మెత్తగా వుందా గట్టిగా వుందా, అన్నీ నడిచి కూడా చూడాలి. మాస్టారు ప్రతి ఉదయం తనే నడిచేవాడు. ఆ దిబ్బను ఆయన వెయ్యిసార్లు దూకి వుంటాడు.

ఇక దూకడం. ఎక్కేటప్పుడు రేజు ఒకే తీరుగా వుండాలి, చివరిదాకా. ఈ ముక్క ఒక్కటి ఒంటబడితే విద్యలో సగం వచ్చినట్టే. చాలామంది ఏం చేస్తారంటే, మొదట్లో ధైర్యంగా ఇస్తారు, దిబ్బ కొస కనబడగానే గుండె జారి రేజు మూసేస్తారు. మూసేసరికి ఇంజను వెనక చక్రాన్ని పట్టి ఆపుతుంది, బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక షాకబ్జరు విచ్చుకుని పైకి తంతుంది. బండి ముక్కు కిందికి దిగిపోతుంది. కాలువ గట్టు మీద మావాడికి జరిగింది కూడా అదేనని మాస్టారు వాడి నోటితోనే చెప్పించాడు. "కొస కనబడింది, చెయ్యి దానంతటదే మూసుకుంది" అన్నాడు వాడు. రెండేళ్ళుగా వాడు అందరికీ చెబుతూ వచ్చింది రాయి తగిలిందనే.

దిబ్బ పాదంలో బండి చక్రాలు వాలును తాకగానే షాకబ్జర్లు కుదించుకుపోతాయి. ఆ క్షణంలో మోకాళ్ళు వంచి మనం కూడా అదిమితే ఇంకొంచెం కుదించుకుని, కొస దగ్గర విచ్చుకుంటూ పైకి లేపుతాయి. సుందరకాండలో హనుమంతుడు సముద్రం దూకే ముందు ఏం చేశాడు? పాదాలు తన్నిపెట్టి, ఒళ్ళు కుదించుకుని, కొండ అదిరేటట్టు అదిమి, అప్పుడు గదా లేచింది! వాల్మీకి ఈ విద్యలో గట్టివాడని నాకు కోలారులోనే తెలిసింది. ఈ అదమడం ఎంతన్నది మాత్రం దూకే దూరాన్నిబట్టి వుంటుంది. చిన్న బల్లదిబ్బకు వూరికే మోకాళ్ళు సడలించి నిలబడితే చాలు.

లెక్క ఇష్టమున్నవాళ్ళ కోసం ఇంకో నాలుగు మాటలు, లేనివాళ్ళు ఈ పేరా దాటెయ్యవచ్చు. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. ఆ వేగంతో 30 డిగ్రీల వాలు కొస విడిచిన బండి గాలిలో వుండేది ఒక్క సెకను. కొసకన్న లేచేది మీటరుంబావు, పోయేది 9 మీటర్లకు కాస్త తక్కువ. వేగం రెట్టింపు చేస్తే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది, 35 మీటర్లు. వేగం పదోవంతు పెరిగితేనే దూరం ఐదోవంతు పెరుగుతుంది. అంచేత కొంచెం ఎక్కువ ఇచ్చినవాడు దిగే వాలు దాటిపోయి చదును నేల మీద పడతాడు, కొంచెం తక్కువ ఇచ్చినవాడు కొస మీద పడతాడు. కొస విడిచాక బండీ మనిషీ కలిసి పోయే దారిని ఎవరూ మార్చలేరు. అది రాయి విసిరినట్టే. మార్చగలిగేది ఒక్కటే, ముక్కు పైకా కిందికా అన్నది.

అది ఎట్లా అంటారా? గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చుని, కాళ్ళు నేల నుంచి ఎత్తేసి, చేతుల్ని జోరుగా కుడివైపు తిప్పండి. కుర్చీ ఎడమకు తిరుగుతుంది. గాలిలో వున్న బండికి ఆనుకోవడానికి నేల లేదు గనక అదీ అంతే. వెనక చక్రం ముందుకు మరింత జోరుగా తిరిగితే బండి దానికి ఎదురుగా తిరిగి ముక్కు పైకెత్తుతుంది. తిరిగే చక్రాన్ని హఠాత్తుగా ఆపితే ముక్కు దించుతుంది. కాబట్టి ముక్కు కిందికి పోతున్నదనిపిస్తే రేజు గట్టిగా ఇవ్వాలి. మరీ పైకి లేచిందనిపిస్తే క్లచ్చి పట్టి, కాలి బ్రేకు ఒక్కసారి తట్టాలి. క్లచ్చి పట్టకుండా బ్రేకు తొక్కితే చక్రంతో పాటు ఇంజను కూడా ఆగిపోతుంది. అప్పుడు మళ్ళీ ముక్కు ఎత్తుకుందామన్నా రేజుకు పలికే నాథుడు లేడు. ఆగిన చక్రంతో నేల మీద పడటం మరీ అపాయం.

నాకీ సంగతి మాస్టారు నోటితో చెప్పినప్పుడు నమ్మకం కలగలేదు. ఆయన బండి మీద వెళ్ళి, అదే దిబ్బను అదే వేగంతో మూడుసార్లు దూకి చూపించాడు. ఒకసారి వూరికే, ఒకసారి గాలిలో ఇంజను అరిపించి, ఒకసారి బ్రేకు తట్టి. మొదటిసారి బండి చాపలా పరుచుకుని పోయింది. రెండోసారి గుర్రం ముందు కాళ్ళెత్తినట్టు ముక్కెత్తింది. మూడోసారి కొంగ నీళ్ళలోకి వంగినట్టు వంగింది. మూడుసార్లూ పడ్డది మాత్రం ఒకే చోట, జానెడు తేడా లేదు. కాలేజీలో మూడేళ్ళు చదివిన భౌతికశాస్త్రం నాకు ఆ నిమిషంలో బోధపడింది.

ఇదంతా విని కుర్రవాళ్ళు రేజూ బ్రేకుతో ఆడటం మొదలుపెట్టకూడదు. అవి దారి తప్పినప్పుడు వాడుకునే మందులు. ఎక్కేటప్పుడు శరీరం నడుమ వుండి, రేజు ఒకే తీరుగా వుంటే గాలిలో చెయ్యవలసిన పనే వుండదు. చూపు మాత్రం ముందు మడ్‌గార్డు మీద పెట్టకూడదు. దిగే వాలు మీదికీ, ఆ తర్వాత దానికి అవతలి మలుపు మీదికీ పోవాలి. చూపు ఎక్కడికి పోతే ఒళ్ళు అక్కడికి పోతుంది.

దిగడం గురించి చెప్పవలసింది చాలా వుంది, ఎందుకంటే ఎముకలు విరిగేది అక్కడే. మీటరుంబావు ఎత్తునుంచి పడ్డ బండి సెకనుకు 5 మీటర్ల వేగంతో కిందికి వస్తూ వుంటుంది. చదును నేల మీద పడితే ఆ ఐదూ ఒంటికి తగలవలసిందే. అదే, ఎక్కిన వాలుకు సమానంగా వున్న దిగే వాలు మీద పడితే, బండి పోయే దారీ నేల వాలే దారీ ఒకటే అయి, జారుడుబల్ల మీద జారినట్టు దిగిపోతుంది. చూడటానికి ఎంత భయంకరంగా వుంటుందో ఒంటికి అంత హాయిగా వుంటుంది. వాలు మీదయితే రెండు చక్రాలూ కలిసి, చదును మీద పడక తప్పకపోతే వెనక చక్రం ఒక్క వెంట్రుక ముందుగా తాకాలి. తాకేటప్పుడు రేజు కొంచెం తెరిచే వుండాలి. మోకాళ్ళు వంగాలి గాని సీటు మీద చతికిలబడకూడదు. ముందు బ్రేకు మీద వేలు వుండనే కూడదు.

1967 డిసెంబరు 31న అమెరికాలో ఈవిల్ నీవిల్ అనే సాహసి లాస్ వేగాస్‌లో సీజర్స్ పాలెస్ హోటలు ముందున్న జలయంత్రాలను ట్రయంఫ్ బండి మీద దూకాడు. దూరం 141 అడుగులు. గాలిలో ఆయన చేసిన ప్రయాణంలో వంక పెట్టడానికి లేదు. కాని దిగే వాలుకు కాస్త ముందరే పడ్డాడు. కటి ఎముకా తొడ ఎముకా విరిగాయి. బండి నుంచి విడిపోయి నేల మీద గుడ్డబొమ్మలా దొర్లిన ఆ ఫిల్ము ఇప్పటికీ చూడవచ్చు. పిల్లలకు అది చూపించాలని నా అభిప్రాయం. అదే చోటును 1989లో ఆయన కొడుకు రాబీ, 2018లో ట్రావిస్ పాస్ట్రానా అనే అతనూ క్షేమంగా దూకారు. వాళ్ళు దిగింది వాలు మీద.

మరో చిన్న సంగతి. మైదానంలో పసుపు జెండా ఊపుతుంటే ముందు ఎవరో పడ్డారన్నమాట. అప్పుడు ఎంతటివాడైనా దూకకూడదు, దిబ్బలన్నీ మెల్లగా ఎక్కి దిగాలి. కొస ఇవతలినుంచి చూసేవాడికి అవతల ఎవరు పడి వున్నారో కనబడదు. చెరువు కట్టకు జెండా పట్టుకునేవాడు ఎవడూ వుండడు. అవతల మేకలు కాసుకునే పిల్లవాడు వుండవచ్చు.

ఆరో రోజుకు నేను బల్లదిబ్బను ఈ కొసనుంచి ఆ కొసకు దాటాను. నాతోపాటు నేర్చుకుంటున్న మదనపల్లి అమ్మాయి ఒకతె నాలుగో రోజుకే దాటేసింది. ఆమె బరువు నా బరువులో సగం వుంటుందేమో, కాని రేజు మీద ఆ చెయ్యి గడియారంలా నిలబడేది. మగపిల్లలు ఆమె వెనక వరసలో నిలబడి, తమ వంతు రాగానే ఆమెకన్న ఎక్కువ ఇచ్చి, దిగే వాలు దాటి చదునులో దబ్బున పడేవారు. మాస్టారు తల పట్టుకునేవాడు. "ఇది దూకడం కాదప్పా, దూకుడు" అనేవాడు.

మా మేనల్లుడు మాత్రం ఆ వరసలో చేరలేదు. రాయి తగల్లేదని ఒప్పుకున్న రోజు నుంచి వాడిలో ఏదో మార్పు వచ్చింది. రోజూ అదే బల్లదిబ్బను, అదే గేరులో, యాభైసార్లు దూకేవాడు. ఎనిమిదో రోజున మాస్టారు జంట దిబ్బల దగ్గరికి తీసుకెళ్ళాడు. దూరం 8 మీటర్లు. మావాడు బల్లదిబ్బ మీద దూకుతున్న దూరమూ అంతే. "దూరం కొత్తది కాదు, గొయ్యే కొత్తది. నీకు వచ్చు. కావాలంటే దూకు, వద్దంటే వద్దు. నేను చెప్పను" అన్నాడు మాస్టారు.

నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. నా నోట్లో తడి లేదు. వాడికేమైనా అయితే అక్కయ్య మొహం ఎట్లా చూడాలన్నది ఒక బాధ. అంతకుమించి, వాడి మెడ కింద ఆ ఎముక అతుక్కున్న చోట చిన్న బుడిపె వుంటుంది, అదే నా కళ్ళలో మెదిలింది. వాడు మెల్లగా ఎక్కి దిగి చూశాడు. రెండోసారి వేగంగా వచ్చి, దిబ్బకు ముందే పక్కకు తప్పుకున్నాడు. మూడోసారీ అంతే. పడమటి గాలి లేచింది, మైదానం పక్కన కట్టిన గుడ్డలు టపటపలాడుతున్నాయి. వాడు ఆగి, ఆ గుడ్డల వంక కాసేపు చూసి, బండి తిప్పుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఇవాళ రేజు నిలబడటం లేదు మామయ్యా. కొస దగ్గర చెయ్యి మూసుకోవాలని చూస్తున్నది. గాలి కూడా పక్కనుంచి కొడుతున్నది. ఇవాళ వద్దు" అన్నాడు. వరసలో వున్నవాళ్ళు విన్నారు. ఒకడు నవ్వాడు కూడా. మావాడు పట్టించుకోలేదు.

ఆ రాత్రి అక్కయ్య ఫోను చేసింది. "దూకాడా?" అన్నది.

"లేదు, వద్దన్నాడు."

అవతల కాసేపు మాట లేదు. "ఏం? భయమా?" అన్నది తర్వాత. ఆ గొంతులో కొంచెం నిరాశ వినబడితే నాకు నవ్వాగలేదు.

మరి రెండు రోజులు గాలి తగ్గలేదు. పదో రోజు తెల్లవారుజామున, మైదానంలో ఇంకా ఎండ పడకముందు, వాడు జంట దిబ్బలు దూకాడు. నేను లేచి బూట్లు తొడుక్కుని వచ్చేసరికే నాలుగుసార్లు అయిందట. నేను చూసినది ఐదోది. చప్పుడు చెప్పింది నాకు. ఇంజను పాట ఎక్కే వాలు మొదలు నుంచి కొస దాకా ఒకే శ్రుతిలో వుంది. ఒక్క సెకను ఆ శ్రుతి కొంచెం పైకి పోయింది, మళ్ళీ మట్టి మీద కూర్చుని మామూలయింది. మదనపల్లి అమ్మాయి జెండా పట్టుకుని అవతలి వైపు నిలబడి వుంది. మాస్టారు ఏమీ అనలేదు, చెయ్యెత్తి ఇక చాలన్నాడు.

బండి కడగడం, చూసుకోవడం కూడా ఈ విద్యలో భాగమే గనక అది కూడా చెప్పి ముగిస్తాను. దూకిన ప్రతి రోజూ చెయినూ, హ్యాండిలు బోల్టులనూ, చక్రాల ఊచలనూ చూడాలి. ఊచల్ని చిన్న స్పానరుతో ఒక్కొక్కటే తట్టితే బిగువుగా వున్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. ఆ ఉదయం మావాడు బండిని నీళ్ళ పంపు దగ్గర పెట్టి, చెవి దగ్గరగా వంచి, వరసగా తట్టుకుంటూ పోయాడు. వెనక చక్రంలో రెండు వదులైనవి దొరికాయి.